సిగ్నేచర్ బేస్ గిటార్‌లో నిజంగా ప్రత్యేకమైనది ఏది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: రెండేళ్లుగా ప్రెసిషన్ బేస్ (ఫెండర్ కంపెనీ బేస్ గిటార్లలో ఒక రకం) వాయిస్తున్నారు. చేతులు చిన్నవి కావడంతో నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి భాగం) లావుగా అనిపిస్తోంది. రష్ అనే రాక్ బ్యాండ్ బేసిస్ట్ గెడ్డీ లీ పేరుతో ఫెండర్ తయారుచేసే నల్ల జాజ్ బేస్ (ఫెండర్‌దే మరో రకం) మీద మనసు పడింది. మామూలు జాజ్ బేస్‌కీ దానికీ నిజంగా తేడా ఉందా, లేక పేరుకే ఎక్కువ డబ్బు కట్టాలా, కొంటే ఆ సౌండ్ వస్తుందా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. తేడా ఉంది. అయితే అది సంతకంలోనో రంగులోనో లేదు. ఒక వాద్యకారుడు ఏళ్ల తరబడి వేదికల మీద వాయిస్తూ, తన చేతికి ఏది నప్పిందో ఏది నప్పలేదో తేల్చుకున్న నిర్ణయాలన్నీ ఒకే వాద్యంలో బిగించి ఇస్తే అది సిగ్నేచర్ బేస్. ఆ నిర్ణయాల్లో కొన్నిటిని మీ దగ్గరున్న బేస్‌కు ఎప్పుడైనా విడిగా బిగించుకోవచ్చు. కొన్నిటిని బిగించుకోలేరు. ఆ బిగించుకోలేనివి మీ చేతికి సరిపోతేనే ఎక్కువ డబ్బు పెట్టండి. సౌండ్ సంగతంటారా, కొంత వస్తుంది. మిగతాది ఎక్కడినుంచి వస్తుందో కింద చెబుతాను.

నేను 20 ఏళ్లకు పైగా బేస్ వాయిస్తున్నాను. అందులో సగం కాలం నుంచి ఇతరుల గిటార్లకు సెటప్ (తీగల ఎత్తు, నెక్ వంపు లాంటివి సరిచేసే పని) కూడా చేస్తున్నాను. సిగ్నేచర్ మోడళ్లు చాలానే నా బల్ల మీదికి వచ్చాయి. కాబట్టి ఇది బ్రోచర్లు చదివి చెబుతున్న మాట కాదు.

గెడ్డీ లీతోనే మొదలుపెడదాం. ఆయన అసలు బేస్ 1972 నాటి జాజ్ బేస్. రష్ టూర్‌లో ఉండగా అమెరికాలోని కలమజూలో ఒక తాకట్టు దుకాణంలో 200 డాలర్లకు కొన్నారు. అంటే ఆయన కోసం ఎవరూ ప్రత్యేకంగా చేసింది కాదు, ఎవరో తాకట్టు పెట్టి వదిలేసిన మామూలు గిటార్. తర్వాత దానికి బరువైన బ్యాడాస్ బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే లోహపు ముక్క) బిగించారు. వాయించీ వాయించీ తన చేతికి అలవాటు చేసుకున్నారు. 1998లో ఫెండర్ ఆయన పేరుతో మోడల్ తెచ్చినప్పుడు ఆ 1972 బేస్‌నే నమూనాగా పెట్టుకుంది. నల్ల బాడీ, మేపుల్ ఫింగర్‌బోర్డు, దాని మీద నలుచదరపు గుర్తులు, బరువైన బ్రిడ్జ్, అన్నిటికంటే ముఖ్యంగా సన్నటి నెక్. చాలా సిగ్నేచర్ బేస్‌ల కథ ఇంతే. ముందు ఒక పాత వాద్యం, దాని మీద ఒక మనిషి చేసిన మార్పులు, ఆ తర్వాత కంపెనీ వచ్చి కొలతలు తీసుకోవడం.

నెక్: మొదట చూడాల్సింది ఇదే. జాజ్ బేస్ నెక్ నట్ (నెక్ పైచివర తీగలు ఆనే గాడుల పట్టీ) దగ్గర సుమారు 38 మి.మీ. వెడల్పు ఉంటుంది. ఇప్పటి ప్రెసిషన్ బేస్‌లకు మామూలుగా 41 మి.మీ. ఉంటుంది. 1950లలో చేసినవైతే 44 మి.మీ. దాకా ఉండేవి. వినడానికి 3 మి.మీ. ఏమంత అనిపిస్తుంది. మొదటి మూడు ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీతల) దగ్గర గంటసేపు వాయించాక మణికట్టును అడగండి, అదే చెబుతుంది. వెడల్పు ఒక్కటే కాదు, మందం కూడా లెక్కే. రెండు నెక్‌లకు వెడల్పు ఒకటే ఉన్నా, ఒకటి వెనక పలచగా, మరొకటి గుండ్రంగా లావుగా ఉండొచ్చు. గెడ్డీ లీ మోడల్‌ను ఆయన పాటలు వినని వాళ్లు కూడా కొనుక్కోవడానికి పెద్ద కారణం ఆ పలచటి నెక్కే. నెక్ ఆకారాన్ని మీరు ఇంట్లో మార్చుకోలేరు. కొత్త నెక్ తెచ్చి బిగించవచ్చు గానీ అది దాదాపు కొత్త గిటార్ కొన్నంత పని, పైగా జాయింట్ సరిగ్గా కూర్చోకపోతే అదొక తలనొప్పి. అందుకే నెక్‌ను బిగించుకోలేని వాటిలో మొదటిదిగా లెక్కపెడతాను.

మీకు ప్రెసిషన్ సౌండ్ నచ్చి, ఇబ్బంది నెక్‌తోనే అయితే ఇంకో దారి కూడా ఉంది. ఫూ ఫైటర్స్ బేసిస్ట్ నేట్ మెండెల్ పేరుతో వచ్చిన ప్రెసిషన్‌కు ఆయన 1971 బేస్ ఆధారం. అందులో నెక్‌ను కావాలనే సన్నగా ఉంచారు. నల్ల జాజ్ బేస్ మీద మనసు పడ్డారని తెలుసు, అయినా కొనేముందు దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి.

పికప్ (తీగ కదలికను పట్టి ఆంప్లిఫయర్‌కు పంపే అయస్కాంతపు పరికరం) ఎక్కడ ఉంది అన్నది, పికప్ ఏ కంపెనీది అన్నదానికంటే ముఖ్యం. నెట్‌లో జరిగే చర్చలన్నీ పికప్ బ్రాండ్ల గురించే. అయస్కాంతం ఆల్నికోనా సిరామిక్కా, తీగ ఎన్ని చుట్లు అని. వాటికీ తేడా ఉంటుంది, కాదనను. కానీ స్థానం చేసే తేడా ముందు అవి చిన్నవి. తీగ మోగినప్పుడు అందులో మూల స్వరంతోపాటు దాని పైస్వరాలూ మోగుతాయి. బ్రిడ్జ్‌కు దగ్గరగా వెళ్లేకొద్దీ తీగ ఊగే వెడల్పు తగ్గుతుంది. అక్కడ మూల స్వరం పలచబడి, పైస్వరాలు ముందుకొస్తాయి. అందుకే బ్రిడ్జ్ పికప్ గరగరగా, కొరికినట్టు వినిపిస్తుంది. నెక్ వైపుకు జరిపితే బొద్దుగా, గుండ్రంగా అవుతుంది. 1970ల మొదట్లో ఫెండర్ జాజ్ బేస్ బ్రిడ్జ్ పికప్‌ను బ్రిడ్జ్ వైపుకు సుమారు 10 మి.మీ. జరిపింది. ఆ ఒక్క మార్పుకే 60ల జాజ్ బేస్, 70ల జాజ్ బేస్ అని ఈ రోజుకూ రెండు వర్గాలున్నాయి. ఒక సెంటీమీటర్ చాలు!

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ రాక్ బేసిస్ట్ బిల్లీ షీహన్. ఆయన తన ప్రెసిషన్ బేస్‌కు నెక్ పక్కనే గిబ్సన్ ఈబీ-0 పికప్‌ను అదనంగా పెట్టుకున్నారు. నెక్ పక్క పికప్ నుంచి లోతైన మంద్ర శబ్దం ఒక ఆంప్లిఫయర్‌కూ, మధ్యలో ఉన్న మామూలు ప్రెసిషన్ పికప్ మరో ఆంప్లిఫయర్‌కూ విడివిడిగా పంపేవారు. రెండోదాన్ని ఎంత డిస్టార్షన్‌లోకి (శబ్దం చిట్లే దాకా) నెట్టినా కింద పునాది చెక్కుచెదరదు. 1990లో యమహా ఆయన కోసం చేసిన యాటిట్యూడ్ బేస్‌లో ఈ ఏర్పాటునే ఫ్యాక్టరీ నుంచి పెట్టింది. రెండు పికప్‌లు, రెండు ఔట్‌పుట్ జాక్‌లు. పై ఫ్రెట్ల దగ్గర తీగను వంచడానికి వీలుగా ఫింగర్‌బోర్డును ఫ్రెట్ల మధ్య పల్లంగా తొలిచి ఇచ్చారు కూడా. నా దృష్టిలో సిగ్నేచర్ మోడల్ అనే పేరుకు పూర్తిగా అర్హమైన బేస్ అది. అందులో ఉన్నవాటిని విడిగా సాధించాలంటే చెక్క తొలవాలి, వైరింగ్ మార్చాలి. తొలిచిన చెక్కను మళ్లీ మామూలు చెక్కగా చేయలేం.

పికప్‌ల గురించి మాట్లాడుతున్నాం కాబట్టి మీకు వెంటనే పనికొచ్చే ఒక విషయం. ప్రెసిషన్ పికప్ 1957 నుంచి రెండు ముక్కలుగా ఉంటోంది. ఒక్కో ముక్క రెండేసి తీగల కింద ఉంటుంది. రెండూ ఒకదాని హమ్‌ను (గుయ్‌మనే కరెంటు రొదను) మరొకటి రద్దు చేసేలా ఎదురెదురుగా చుట్టి ఉంటాయి. మీరు ఇన్నాళ్లూ హమ్ అనేది పెద్దగా వినే ఉండరు. జాజ్ బేస్‌లో రెండు పికప్‌లూ సింగిల్ కాయిల్, అంటే ఒక్కోదానిలో ఒకే తీగచుట్ట. రెండిటి వాల్యూమ్ సమానంగా తెరిచి ఉంటే హమ్ పోతుంది, ఒకదాన్ని తగ్గించగానే మొదలవుతుంది. కొత్తగా జాజ్ బేస్ కొన్నవాళ్లలో చాలామంది ఈ హమ్ విని టెన్షన్ పడి, గిటార్ పాడైందని నా దగ్గరికి తెస్తారు. పాడవలేదు, దాని తత్వమే అంత. ఇంకొకటి, రెండూ పూర్తిగా తెరిస్తే మధ్య స్థాయి శబ్దం కొంత తగ్గి బోలుగా వినిపిస్తుంది. బ్యాండ్ మధ్యలో వినపడటం లేదనుకుంటే ఒక పికప్‌ను కొద్దిగా తగ్గించి చూడండి. మధ్య స్థాయి తిరిగి వచ్చేస్తుంది.

స్కేల్ (నట్ నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడవు) కూడా మార్చలేనిదే. మీ ప్రెసిషన్‌దీ జాజ్ బేస్‌దీ ఒకటే, 34 అంగుళాలు. 30 అంగుళాల బేస్‌లు వేరే జాతి. అదే తీగ, అదే శ్రుతి పెడితే బిగువు సుమారు 22 శాతం తగ్గుతుంది. బీటిల్స్ పాల్ మెక్‌కార్ట్‌నీ పేరుతో అందరి కళ్లలో ముద్రపడిపోయిన హోఫ్నర్ వయొలిన్ బేస్ అలాంటిదే. ఆయన 1961లో హాంబర్గ్‌లో మొదటిది కొన్నారు. రెండు వైపులా ఒకే ఆకారం కాబట్టి ఎడమచేతి వాటానికి తిప్పి పట్టుకున్నా వికారంగా ఉండదు, లోపల బోలు కాబట్టి తేలిక. సంతకం లేకపోయినా దాన్ని చూసినవాళ్లకు ఆయనే గుర్తొస్తారు. చేతులు మరీ చిన్నవైతే ఈ పొట్టి స్కేల్ గురించి కూడా ఆలోచించాలి. మీరు రెండేళ్లుగా 34 మీదే వాయిస్తున్నారు కాబట్టి మీకు ఆ అవసరం ఉందనుకోను.

ఇప్పుడు విడిగా బిగించుకోగలిగిన వాటికి వద్దాం. బ్రిడ్జ్, పికప్ బ్రాండ్, ట్యూనర్లు, నాబ్‌లు, తీగలు. గన్స్ ఎన్ రోజెస్ డఫ్ మెక్‌కాగన్ డీలక్స్ మోడల్‌లో లావు తీగను ఒక్క మీటతో ఇ నుంచి డికి దించే ట్యూనర్ ఉంటుంది. 41 హెర్ట్జ్ చిల్లర నుంచి 37 హెర్ట్జ్ దరిదాపులకు, పాట మధ్యలోనే. చాలా ఉపయోగకరమైన వస్తువు. కానీ అది విడిగా కూడా దొరుకుతుంది, అరగంటలో బిగించుకోవచ్చు. బరువైన బ్రిడ్జ్ కూడా అంతే. అది స్వరాన్ని ఎక్కువసేపు నిలబెడుతుందని చాలామంది అంటారు. నేను ఒకే బేస్ మీద రెండు రకాలూ మార్చి మార్చి విన్నాను. తేడా నా చెవికి తెలిసీ తెలియనంత. దానికోసం మాత్రమే సిగ్నేచర్ మోడల్ కొనకండి.

తీగల విషయం మాత్రం చిన్నది కాదు. విడిగా కొనుక్కోగలిగిన వాటిలో సౌండ్‌ను అన్నిటికంటే ఎక్కువగా మార్చేవి ఇవే. ఐరన్ మెయిడెన్ స్టీవ్ హ్యారిస్‌ను తీసుకోండి. ఆయన ప్రెసిషన్ బేస్‌లో చెప్పుకోవడానికి విచిత్రమైన విషయాలేమీ లేవు. ఒక్క పికప్, రెండు నాబ్‌లు. అసలు గుట్టు తీగల్లో ఉంది. హెవీ మెటల్ వాయించే ఆయన ఫ్లాట్‌వౌండ్ (పైచుట్టు చదునుగా, నున్నగా ఉండే) తీగలు వాడతారు. రోటోసౌండ్ ఆయన పేరుతో చేసే సెట్ లావు, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన, 50 నుంచి 110 దాకా ఉంటుంది. మామూలుగా మనం వాడే 45–105 కంటే లావు. ఫ్లాట్‌వౌండ్ అంటే మెత్తగా, పాతకాలం పాటల్లోలా మోగాలి కదా, మరి ఆయన బేస్ ఎందుకు కణకణమంటుంది? కొత్త ఫ్లాట్‌వౌండ్‌లో మెరుపు బాగానే ఉంటుంది. పాతబడితేనే మందగిస్తుంది. దానికి తోడు ఆయన వేళ్లతోనే చాలా గట్టిగా కొడతారు, తీగ వెళ్లి ఫ్రెట్లకు తగిలి మోగుతుంది.

ఆ తీగల సెట్ నేనూ నా ప్రెసిషన్‌కు వేసి చూశాను. అప్పటికి సెటప్ పని నాకు ఇంకా కొత్త. రాత్రి తీగలు బిగించి పడుకున్నాను. ఉదయానికి నెక్ ముందుకు వంగి, 12వ ఫ్రెట్ దగ్గర తీగలు బాగా ఎత్తుకు లేచాయి. 110 లావు తీగ నట్ గాడిలో సరిగ్గా దిగలేదు కూడా, పైనే కూర్చుంది. ట్రస్ రాడ్‌ను (నెక్ లోపల వంపు సరిచేసే లోహపు కడ్డీని) కొద్దికొద్దిగా, ఒక్కోసారి పావు మలుపుకు మించకుండా బిగించాలి. తిప్పాక ఆగి చూడాలి. నట్ గాడిని తీగ లావుకు సరిపడా ఆకురాయితో వెడల్పు చేయాలి. ఇవన్నీ చేశాక వాయిస్తే, బొద్దుగా ముద్దుగా మోగింది గానీ ఆ కణకణ రాలేదు. నేను మెత్తగా మీటే మనిషిని. నా దెబ్బకు ఆ తీగ ఫ్రెట్‌ను తాకదు. ఒకరి తీగలు మన బేస్‌కు వేసేముందు ఆయన ఎలా మీటుతారో చూడాలని నాకు అప్పుడే తెలిసొచ్చింది.

ఇది మీ మూడో ప్రశ్నకు దారి తీస్తుంది. "ఆ సౌండ్ వస్తుందా?"

కొన్నాళ్ల కిందట ఒక కుర్రాడు నల్ల జాజ్ బేస్ తెచ్చాడు, సిగ్నేచర్ మోడలే. ఆరు నెలలైందట కొని. రికార్డులో విన్న సౌండ్ రావడం లేదని, తనను మోసం చేశారని ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు. చూస్తే తీగలు చచ్చిపోయి ఉన్నాయి. 12వ ఫ్రెట్ దగ్గర ఇ తీగ 4 మి.మీ. ఎత్తులో ఉంది. పికప్‌లు రెండూ చెక్కలోకి దిగిపోయి ఉన్నాయి. కొత్త స్టీల్ రౌండ్‌వౌండ్ (పైచుట్టు గరుకుగా ఉండే) తీగలు వేసి, ఎత్తును 2 మి.మీ.కు దించి, పికప్‌లు లేపాను. చాలా మెరుగుపడింది. అయినా అతనికి సంతృప్తి లేదు. వాయించమని చూశాను. చెయ్యి నెక్ చివర ఉంది, వేలి మెత్తతో నిమిరినట్టు మీటుతున్నాడు. చేతిని బ్రిడ్జ్ పికప్ మీదికి జరిపి గట్టిగా కొట్టమన్నాను. రెండో స్వరానికే తల ఎత్తి నా వైపు చూశాడు. అదే గిటార్, అదే ఆంప్లిఫయర్. మారింది పది పన్నెండు సెంటీమీటర్ల దూరమే.

గెడ్డీ లీ తర్వాతి కాలంలో చూపుడు వేలును పిక్‌లాగా పైకీ కిందికీ ఆడిస్తూ, గోరు తగిలేలా వాయించేవారు. ఆ గోరు చప్పుడు ఏ స్పెసిఫికేషన్‌లోనూ రాయరు. దాని తర్వాత ప్రీఆంప్ (ఆంప్లిఫయర్‌కు ముందు శబ్దాన్ని తీర్చిదిద్దే పరికరం) ఉంటుంది, అందులో కొంత డిస్టార్షన్ ఉంటుంది. మోటర్‌హెడ్ బ్యాండ్ బేసిస్ట్ లెమ్మీది ఇంకా తేటగా కనిపించే ఉదాహరణ. రికెన్‌బ్యాకర్ ఆయన పేరుతో 4004ఎల్‌కే అనే మోడల్ చేసింది. వాల్‌నట్ బాడీ మీద ఆకుల చెక్కడం, మూడు పికప్‌లు, కళ్లు తిప్పుకోలేనంత అందమైన వస్తువు. కానీ లెమ్మీ సౌండ్ అంటే బేస్‌ను రిథమ్ గిటార్‌లా కార్డ్‌లు (ఒకేసారి కొన్ని స్వరాలు) పట్టుకుని పిక్‌తో దంచడం, మార్షల్ ఆంప్లిఫయర్‌లో మిడ్ (మధ్య స్థాయి) బాగా పెంచి శబ్దం చిట్లే దాకా నడపడం. ఆ బేస్ మీద మీరు మెత్తగా వాయిస్తే మెత్తగానే మోగుతుంది.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి. మీరు ఇష్టపడే ఆల్బమ్‌లో ఆ బేస్ ఉండకపోవచ్చు. 1970లలో గెడ్డీ లీ ఎక్కువగా వాయించింది రికెన్‌బ్యాకర్ 4001. 1980లలో స్టైన్‌బర్గర్, వాల్ బేస్‌లు వాడారు. జాజ్ బేస్ ఆయన ప్రధాన వాద్యంగా స్థిరపడింది 1990లలో. కాబట్టి ఏ ఆల్బమ్ విని మనసు పడ్డారో ముందు అది చూసుకోండి. 70ల నాటి ఆ గరుకు సౌండే కావాలంటే, ఈ నల్ల జాజ్ బేస్ కొని తర్వాత బాధపడతారు.

తీసేయడం కూడా ఒక నిర్ణయమేనని చాలామంది గమనించరు. బ్లింక్-182 మార్క్ హాపస్ మోడల్‌లో జాజ్ బాడీ మీద ప్రెసిషన్ తరహా పికప్ ఒక్కటే ఉంటుంది, నాబ్ కూడా ఒక్కటే, వాల్యూమ్. టోన్ నాబ్ లేదు. వేదిక మీద గెంతుతూ వాయించే మనిషికి తిప్పడానికి ఇంకేమీ అక్కర్లేదు. రెడ్ హాట్ చిల్లీ పెప్పర్స్ ఫ్లీ మోడల్ దీనికి పూర్తిగా అవతలి పక్క. ఆయన 1961 జాజ్ బేస్ ఆధారంగా చేసింది కాబట్టి ఒకదాని మీద ఒకటి ఉండే పాతకాలపు జంట నాబ్‌లు ఉంటాయి. ఒక్కో పికప్‌కు వేరే వాల్యూమ్, వేరే టోన్. చిన్న చిన్న తేడాలు వెతుక్కునేవాళ్లకు అది హాయి, తొందర పనివాళ్లకు చిరాకు.

పేరుకే సిగ్నేచర్ అయినవీ ఉన్నాయి. రంగు, పిక్‌గార్డ్, వెనక ప్లేట్ మీద బొమ్మ, ఇంతే తేడా. వీటిని పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. అదే కంపెనీ మామూలు మోడల్ స్పెసిఫికేషన్‌ను పక్కన పెట్టుకుని ఒక్కో వరుస పోల్చండి. నెక్ ఆకారం, నట్ వెడల్పు, పికప్ స్థానం, వైరింగ్ అన్నీ ఒకటే అయితే మీరు కడుతున్నది బొమ్మకు. ఆ బొమ్మ ఇష్టమైతే కొనుక్కోవడంలో తప్పు లేదు, ఇష్టమైన వాద్యాన్ని రోజూ చేతిలోకి తీసుకుంటాం. నేనూ ఒకసారి అలా చూపుకు నచ్చి కొన్నాను. అది మోయలేనంత బరువు, రెండు గంటల రిహార్సల్ అయ్యేసరికి ఎడమ భుజం పట్టేసేది. ఏడాది తిరగకుండా అమ్మేశాను. కాబట్టి బరువు తప్పకుండా తూచండి. ఒకే మోడల్‌లో కూడా ఒక్కో దాని బరువు ఒక్కోలా ఉంటుంది.

ఒకే పేరుతో ఉన్నా అన్నీ ఒకటి కావు. గెడ్డీ లీ మోడల్ మొదట జపాన్‌లో, తర్వాత మెక్సికోలో తయారైంది. 2015లో అమెరికా తయారీ కూడా వచ్చింది. వీటి నెక్‌లు అచ్చంగా ఒకేలా ఉండవు. ఎవరో ఒకదాని నెక్ బాగుందన్నారని ఇంకొకటి ఆర్డర్ పెట్టకండి.

ఇక మీ సంగతి. చేతులు చిన్నవి, నెక్ లావు అంటున్నారు కాబట్టి మీ ఇబ్బందికీ ఈ మోడల్‌లోని అసలు ప్రత్యేకతకూ సరిగ్గా జత కుదిరింది. అందుకే వద్దని అనను. కానీ ముందు మీ ప్రెసిషన్‌కు కొత్త తీగలు వేయించి, 12వ ఫ్రెట్ దగ్గర ఎత్తు కొలిపించండి. నట్ గాడులు లోతు లేకపోతే మొదటి ఫ్రెట్ల దగ్గర తీగ నొక్కడానికి బలం ఎక్కువ కావాలి, అప్పుడు నెక్ లావుగా ఉన్నట్టే అనిపిస్తుంది. నా దగ్గరికి "నెక్ పెద్దది" అని వచ్చినవాళ్లలో కొందరికి అసలు బాధ అదే. సెటప్ తర్వాత రెండు వారాలు వాయించండి. అప్పటికీ చెయ్యి చాలకపోతే జాజ్ నెక్ మీకు కావాల్సిందే.

చూడటానికి వెళ్లినప్పుడు ముందు ఆంప్లిఫయర్ లేకుండా పది నిమిషాలు మొదటి నాలుగు ఫ్రెట్ల మధ్యే వాయించండి. తర్వాత అన్నిటికంటే సన్నటి జి తీగ మీద 5 నుంచి 7వ ఫ్రెట్ దాకా ఒక్కో స్వరం మీటి వదిలేయండి. ఈ తరహా నెక్‌లలో అక్కడ ఏదో ఒక స్వరం మిగతావాటికంటే త్వరగా చచ్చిపోతుంటుంది. కొద్దిగా అయితే పర్వాలేదు, మీటగానే ఆగిపోతుంటే అదే మోడల్‌లో ఇంకో గిటార్ అడగండి. ఆ తర్వాత ప్లగ్ పెట్టి, ముందు రెండు పికప్‌లూ పూర్తిగా తెరిచి, తర్వాత ఒక్కోటి తగ్గిస్తూ వినండి. ఆ పక్కనే మామూలు జాజ్ బేస్ ఉంటే అదీ తీసుకుని, కళ్లు మూసుకుని రెండిటి నెక్‌లూ మార్చి మార్చి పట్టుకోండి. రెండో నిమిషంలోనే మీ ఎడమ చేతికి తెలిసిపోతుంది. తెలియకపోతే మామూలుదే కొని, మిగిలిన డబ్బు మంచి తీగలకూ ప్రీఆంప్‌కూ పెట్టండి.